అద్దకం నీటికి బాక్టీరియా: రంగు విరిగినంతనే విషం విరగదు

అద్దకం గుడ్డ ఖరీదులో నూలు, రంగులు, కూలితో పాటు మురుగునీటి శుద్ధి కూడా ఒక పద్దుగా చేరి చాలా కాలమైనది. ఈ ఖర్చును తగ్గించే మార్గంగా రంగులను విరగగొట్టే బాక్టీరియా పేరు వర్తక వర్గాలలో వినిపిస్తున్నది. పొడిగానూ, ద్రవంగానూ ఈ సూక్ష్మజీవుల సరకు అమ్మకానికి వస్తున్నది. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసి కొన్నవారికి లాభమే. తెలియక కొన్నవారికి నష్టం రెండు విధాలు: సరకు సొమ్ము దండుగ కావడం ఒకటి, యూనిట్ మూతపడడం రెండవది.

తిరుప్పూర్ అనుభవం

మూత అనేది ఉత్త బెదిరింపు కాదని తిరుప్పూర్ రుజువు చేసింది. అక్కడి అద్దకం, చలువ యూనిట్ల నీరు నొయ్యల్ నదిలో కలిసి ఒరత్తుపాళయం జలాశయానికి చేరింది. సాగు కోసం కట్టి 1992లో ప్రారంభించిన ఆ జలాశయం రంగునీటి గుంటగా మారింది. ఆయకట్టు రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700 పైచిలుకు యూనిట్లను మూసివేయాలని ఆదేశించింది. మురుగునీరు చుక్క కూడా బయటికి వదలని ఏర్పాట్లు చేసుకుంటేనే తిరిగి తెరవాలన్నది షరతు. ఆ నెలలలో అద్దకం పని ఇతర ఊళ్లకు తరలిపోయింది. నూలు నిల్వలు పేరుకుని, వేసవి నాటికి మిల్లులు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. ఇందుకు ఇతర కారణాలు ఉన్నప్పటికీ తిరుప్పూర్ మూత కూడా ఒకటి.

రంగు నీటిలో ఎందుకు మిగులుతుంది?

నూలు గుడ్డకు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. ఇంగ్లండుకు చెందిన ఐ.సి.ఐ. కంపెనీ 1956లో ప్రొసియాన్ పేరుతో వీటిని మార్కెట్టులో ప్రవేశపెట్టింది. తొట్టెలో వేసిన రంగంతా గుడ్డకు పట్టదు. రకాన్ని, షేడును బట్టి 100 కిలోలకు 10 నుంచి 40 కిలోల వరకు నీటి పాలవుతుంది. రంగు పట్టించడానికి వేసే ఉప్పు కూడా ఆ నీటిలోనే పోతుంది. ముదురు షేడుకు ఇది లీటరుకు 50 గ్రాములు దాటడం మామూలే.

కృత్రిమ రంగులలో సగానికి పైగా అజో జాతివి. రెండు నత్రజని పరమాణువులను కలిపే జంట బంధమే ఈ జాతికి గుర్తు. ఎండకు, సబ్బుకు చెక్కు చెదరకుండా తయారు చేసిన సరకు కనుక, గాలి కొట్టే మామూలు తొట్టెలలో కూడా ఇవి తేలికగా లొంగవు. అందువల్ల సున్నం, ఫెర్రస్ సల్ఫేటు వేసి రంగును అడుగుకు దింపడం వాడుకలో ఉన్నది. దీనితో రంగు నీటిని వదిలి మడ్డిలో చేరుతుంది. ఆ మడ్డి ప్రమాదకర వ్యర్థం. దానిని భద్రపరచడానికి మళ్లీ ఖర్చు.

గాలి లేని తొట్టె

గాలి తగలనిచోట పరిస్థితి వేరు. సూడోమొనాస్, బాసిల్లస్, ఎంటరోకాకస్ వంటి జాతుల బాక్టీరియా తమ ఎంజైముల సహాయంతో అజో బంధాన్ని తెంచుతాయి. అనుకూల పరిస్థితులలో రంగు గంటలలోనే పలచబడుతుంది. అయితే రంగు ఒక్కటే వాటికి ఆహారం కాదు. గుడ్డ నుంచి గంజి తీసిన నీరు గాని, బెల్లపు మడ్డి గాని కలపాలి. వేడి 30, 40 డిగ్రీల మధ్య ఉండాలి. రియాక్టివ్ అద్దకం నీరు దాదాపు 60 డిగ్రీల వేడితో, ఘాటైన క్షారంతో వస్తుంది కనుక ముందుగా చల్లార్చి, ఆమ్లంతో సరిచేయక తప్పదు.

అసలు చిక్కు తరువాత వస్తుంది. బంధం తెగితే మిగిలేవి ఆరోమాటిక్ అమీన్లు. వీటిలో చాలావాటికి రంగు ఉండదు, కాని కొన్ని అసలు రంగు కంటె చెడ్డవి. ఈ జాతికే చెందిన బెంజిడీన్ రంగుల ఫ్యాక్టరీల కార్మికులలో మూత్రాశయ క్యాన్సరుకు కారణమని రుజువైనది. ఎగుమతిదారులకు ఈ పేర్లు కొత్త కావు. ఇటువంటి అమీన్లనిచ్చే అజో రంగులను జర్మనీ 1994లో నిషేధించింది. భారత ప్రభుత్వం 1997లో 70 అజో రంగులను నిషేధ జాబితాలో చేర్చింది. 2002 నాటి ఐరోపా ఉత్తర్వు జాబితాలోని ఒక్కొక్క అమీన్‌కు కిలో గుడ్డలో 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. చర్మం మీది బాక్టీరియా కూడా రంగును ఇదే తీరున విరవగలగడం ఈ నిషేధాలకు ఒక కారణం. గుడ్డ విషయంలో ఏ పనికి భయపడుతున్నారో, తొట్టెలో డబ్బిచ్చి ఆ పనినే చేయిస్తున్నారన్నమాట.

కనుక గాలి లేని తొట్టె తరువాత గాలి కొట్టే రెండవ తొట్టె తప్పనిసరి. అమీన్లలో చాలా భాగాన్ని అక్కడి బాక్టీరియా తినివేస్తాయి. సల్ఫోనేట్ అయిన కొన్ని అమీన్లు మాత్రం మొండికేస్తాయి. మరికొన్ని గాలి తగలగానే మార్పు చెంది, తేటపడిన నీటికి మళ్లీ రంగు తెస్తాయి.

కొనేముందు

బాక్టీరియా ఉప్పును తీయలేదు. పైగా ఉప్పు మితిమీరితే మామూలు జాతులు నీరసిస్తాయి. ఉప్పు తీయడానికి రివర్స్ ఆస్మోసిస్ పొరలు, ఇవాపరేటర్లు ఉండవలసిందే. ఖర్చులో సింహభాగం కూడా వాటిదే. బాక్టీరియా వల్ల ఆదా మరొక చోట కనిపిస్తుంది: రసాయనాల కొనుగోలు తగ్గుతుంది, మడ్డి తగ్గుతుంది, పొరలు త్వరగా పూడుకుపోవు.

సరకు అమ్మేవారు సాధారణంగా ఒకే రంగు కలిపిన నీటి మీద ఫలితం చూపుతారు. యూనిట్ నీటిలో అనేక రంగులు, ఉప్పు, సబ్బు కలిసి ఉంటాయి. పైగా నీలిమందు, ఆంత్రక్వినోన్ రంగులు అజో జాతివి కావు, వాటికి ఈ లెక్క వర్తించదు. తమ నీటి మీదనే, తమ ఉప్పు మోతాదులోనే కొన్ని వారాల పాటు పరీక్ష జరిపించి, సి.ఓ.డి., అమీన్ల నివేదిక చేతికి వచ్చిన తరువాత బేరమాడడం క్షేమం. రంగు తగ్గిన నీటి సీసా ఒక్కటీ చూసి అడ్వాన్సు ఇవ్వడం తొందరపాటే అవుతుంది.