పదహారేళ్ళ తరువాత ఒక పాట

కోలారు సీమలో కూర్చుని ఇంగ్లండు పాటగాళ్ళ గురించి చెప్పడమేమిటని కొందరు అనుకోవచ్చు. కె.జి.ఎఫ్. వాళ్ళు అనుకోరు. మా లైన్లలో ఒక ఇంట్లో తత్వాలు, పక్కింట్లో తమిళ సినిమా పాట, రోడ్డు దాటితే ఆంగ్లో-ఇండియన్ల ఇంట్లో గిటారు వినబడేవి. 'ద క్యూర్' అనే పేరు నేను మొదట విన్నది అలాంటి ఇంట్లోనే, అరిగిపోయిన ఒక క్యాసెట్టు మీద.

1976, 77 ప్రాంతంలో ఇంగ్లండులో పంక్ సంగీతం బయలుదేరింది. విద్య అక్కరలేదు, కోపం ఉంటే చాలన్నట్టు, రెండు మూడు గిటారు వరుసలతో గబగబా అరిచి ముగించే పాటలవి. ఆ అరుపు తగ్గాక కొందరు కుర్రాళ్ళు ఆ పొదుపును ఉంచుకుని వేగం తగ్గించారు. కోపం స్థానంలో దిగులు వచ్చింది. వెనకనుండే బేస్ గిటారు ముందుకొచ్చింది. దానికే పోస్ట్-పంక్ అని పేరు. క్రాలీ అనే ఊళ్ళో పెరిగిన రాబర్ట్ స్మిత్ నడిపే ద క్యూర్ ఆ కోవలోది. తొలి ఆల్బమ్ 1979లో వచ్చింది.

2008 తరువాత వాళ్ళు కచేరీలు చేశారు గాని, కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు. 2024 నవంబరు 1న 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' వెలువడింది. పోయిన లోకపు పాటలన్నమాట. ఎనిమిదే పాటలు. స్మిత్‌కు అప్పటికి 65 ఏళ్ళు. ఈ నడుమ తల్లి, తండ్రి, అన్న పోయారు.

మొదటి పాట 'అలోన్'లో మూడు నిమిషాలు దాటేదాకా గొంతే వినబడదు. "సార్, పాట ఎప్పుడు మొదలౌతుంది?" అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. నాదస్వరం వాళ్ళు కీర్తనకు ముందు ఆలాపన చేస్తారే, అలా వినమన్నాను. ఆ పోలిక పూర్తిగా కుదరదు. ఆలాపనలో రాగం విప్పుకుంటూ పోతుంది. ఇక్కడ ఒకే వరుస బరువుగా తిరిగి తిరిగి వస్తుంది. చావింటికి వెళ్ళినవాళ్ళు మాట పెగలక కాసేపు అరుగు మీద కూర్చుంటారు చూడండి, అది దగ్గర పోలిక.

ఆరో పాట అన్న గురించి. కైవారం తాతయ్య తత్వాలు వింటూ పెరిగిన మనకు చావు మీద పాట కొత్త కాదు. అయితే తత్వం దేహం నిలవదని చెప్పి ఒక దారి చూపుతుంది. స్మిత్ ఏ దారీ చూపడు. వీడ్కోలు చెప్పడం తన వల్ల కాదంటాడు, అంతే. మొదట నాకిది లోటుగా తోచింది. ఇప్పుడు నిజాయితీగా తోస్తోంది. నడుమనున్న ఒకటి రెండు జోరు పాటలు మాత్రం నాకు ఇంకా పట్టుబడలేదు.

మా గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మరునాడు కూడా మా నాన్న షిఫ్టు వేళకే లేచి, కాఫీ తాగి, బూట్లు తుడుచుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఇప్పుడాయన లేరు. కిటికీలోంచి చూస్తే సైనైడు దిబ్బలు ఉన్నాయి.

మొన్న రాత్రి 'అలోన్' పెట్టాను. గొంతు ఇంకా అందుకోలేదు, వాద్యాలే నడుస్తున్నాయి. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు పోయార్రా?" అని అడిగింది.