ఏది అడిగితే ఆ రకం

అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయలకు వెయ్యి లెక్కన ధర, ఎండు కొబ్బరికి క్వింటాలు లెక్కన. అక్కడి వ్యాపారి వాడే ప్రోగ్రాములో 'నిల్వ' అనే ఫంక్షన్ ఉందనుకుందాం. 'కాయ' అని అడిగితే అంకె ఇవ్వాలి, 'ఎండు' అని అడిగితే తూకమూ తేమా కలిసిన రికార్డు ఇవ్వాలి. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం రాసిన జావాస్క్రిప్ట్‌కు ఇదొక సమస్యే కాదు, ఏదైనా ఇచ్చేస్తుంది. ఆ రికార్డును ఎవరైనా పొరపాటున వెయ్యితో భాగిస్తే కూడా ఊరుకుంటుంది. బిల్లులో అంకె ఉండాల్సిన చోట 'నాన్' (అంటే 'అంకె కాదు') అని పడ్డాకే తెలుస్తుంది.

ఇలాంటి తప్పులను ప్రోగ్రాము నడవకముందే పట్టడానికి 2012 అక్టోబరు 1న మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ను విడుదల చేసింది. టర్బో పాస్కల్, సి షార్ప్‌ల వెనక ఉన్న ఆండర్స్ హైల్స్‌బర్గే దీని వెనకా ఉన్నాడు. 'నిల్వ' లాంటిదే బ్రౌజరులోని 'క్రియేట్ ఎలిమెంట్' ఫంక్షన్, టైప్‌స్క్రిప్ట్‌కు మొదట్నుంచీ చిక్కే: 'కాన్వాస్' అంటే బొమ్మలు గీసే పలక ఇస్తుంది, 'ఇన్‌పుట్' అంటే రాసుకునే గడి. అప్పటి మందు ఓవర్‌లోడ్. ఒక్కో పేరుకు ఒక్కో వరస చొప్పున జాబితా చాంతాడంత అయింది. పైగా 'కాయ', 'ఎండు'లలో ఏదో ఒకటి ఉన్న చరరాశిని ఇస్తే ఏ వరసా ఒప్పుకోదు.

2016 డిసెంబరులో వచ్చిన 2.1 వెర్షన్ ఆ జాబితాను ఒక పట్టికగా కుదించే దారి చూపింది. 2018 మార్చిలో 2.8తో షరతు రకాలు వచ్చాయి: 'టి' అనే రకం 'కాయ' అయితే అంకె, లేకపోతే రికార్డు. రెంటిలో ఏదో తెలియకపోతే జవాబు కూడా రెంటిలో ఏదో ఒకటని తేలుతుంది. పిలిచేవాడికి ఇంతకంటే ఏం కావాలి!

రాసేవాడికే ఇబ్బంది. ఫంక్షన్ లోపల 'ఇది కాయేనా?' అని చూసి అంకె తిరిగిస్తే టైప్‌స్క్రిప్ట్ తప్పు పడుతుంది. చేతిలోని విలువ 'కాయ' అని తేలింది గాని, 'టి' తేలలేదు. పిలిచినవాడు 'టి'లో రెండు పేర్లూ కలిపి ఉండొచ్చు. అందుకని అందరూ 'ఇది ఆ రకమే, నమ్ము' అన్నట్టు 'యాజ్' అని రాసి దాని నోరు మూయిస్తారు. అప్పుడు రెండు జవాబులూ తారుమారైనా అడిగే నాథుడుండడు. ఇంత ప్రయాసకన్నా రెండు పేర్లతో రెండు ఫంక్షన్లు రాసుకోవడమే మేలని నా అభిప్రాయం. కానీ 'క్రియేట్ ఎలిమెంట్'ను ఇప్పుడెవరు విడగొడతారు?

2025లో 5.8 వెర్షన్ బీటాలో, తిరిగిచ్చే ప్రతి జవాబునూ దాని షరతుతో పోల్చి చూసే ఏర్పాటు కనిపించింది. తుది విడుదలకు ముందే దాన్ని వెనక్కి తీసుకున్నారు.