బొమ్మ గ్లైడరునకు ఇంజను

ఇంజను లేని విమానమెట్లు ఎగురునని కొందరు సోదరీమణులు సందేహింపవచ్చును. వేసవి మధ్యాహ్నమున బొల్లాపల్లి చేలమీద గ్రద్ద రెక్కలు కదల్పకయే గిరికీలు కొట్టుట చూచినవారికి ఆ సందేహముండదు. కాగిన నేలనుండి లేచు వేడిగాలియే దానికాధారము. గ్లైడరును అట్లే గాలిపై జారిపోవును. రేడియోతో నేలనుండి నడపు చిన్న గ్లైడర్లు నేడు పిల్లలకు వినోదమును విద్యయునై యున్నవి. కాని వానిని పైకి చేర్చుటకు కొండకొమ్మో, సాగెడి రబ్బరు త్రాడో కావలయును. అందుచేత మోటారు తగిలింపవలెనను కోరిక పుట్టును.

ఈ కోరిక క్రొత్తది కాదు. అమెరికాలో రైటు సోదరులు 1900 సంవత్సరమున కిట్టీహాకు తీరమున నెగురవేసిన గ్లైడరు రెక్కల సాటిను గుడ్డను, విల్బరు రైటు ఆ యూరి టేటు అను గృహిణి కుట్టుయంత్రముపైననే కుట్టుకొనెను. పని ముగిసి వారు విడిచిపోయిన గుడ్డతో ఆ యిల్లాలు తన కుమార్తెలకు గౌనులు కుట్టెను! విమాన చరిత్రలోని యుద్ధకథలన్నిటికంటె మాకీ సంగతియే ప్రియము. 1902లో గ్లైడరును అదుపున నుంచ నేర్చిన పిదపనే వారు ఇంజను జోలికి పోయిరి. 1903 డిసెంబరు 17న ఇంజనుతో మొదట నెగిరినది 12 సెకండ్లు, 120 అడుగులు.

బొమ్మకును ఈ క్రమమే. తిన్నగా జారని గ్లైడరునకు మోటారు పెట్టినచో దాని వంకర త్వరితమగునే కాని తీరదు. గ్లైడరు ముక్కులో తూకమునకై సీసపు ముక్కలుంచుట వాడుక. వానిని తీసి, ఆ బరువునకు బదులు విద్యుత్తు మోటారును, దాని వెనుక బ్యాటరీని అమర్చవలెను. రెక్క వెడల్పులో ముందంచునుండి నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ రెండు వ్రేళ్లపై నిలిపినచో కావడివలె సమముగ నిలువవలెను. ముక్కు వాలినచో బ్యాటరీని వెనుకకు, తోక వాలినచో ముందునకు జరుపుట. మోటారు ఇరుసును రెండు మూడు డిగ్రీలు క్రిందికి వంపవలెను. లేనిచో వేగము హెచ్చినపుడెల్ల ముక్కు పైకెత్తును. ముడుచుకొను ప్రొపెల్లరు మేలు. మోటారాగగానే దాని రేకులు ముక్కునకంటి పడియుండును; గ్లైడరు మరల గ్లైడరగును.

ఇక గృహిణి కన్ను వేయవలసిన సంగతులు. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క సెల్లును 4.2 వోల్టులకు మించి నింపరాదు, 3 వోల్టులకు దిగువకు దింపరాదు. దానికై చేసిన చార్జరుతో గచ్చు నేలపై, మనిషి యెదుటనే చార్జి చేయవలెను. రాత్రి నిద్రవేళ వలదు. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు; పల్నాటి యెండలో దేనినీ ఉంచరాదు. బల్లపై మోటారు పరీక్షించునపుడు ప్రొపెల్లరు ఊడదీయుడు. కత్తిపీటను నమ్మినంత దానిని నమ్మరాదు. కత్తిపీట తనంత తాను కదలదు గదా! ఈ పని మగపిల్లలదే యని అమ్మాయిలను దూరముంచుటయు మాకు సమ్మతము గాదు.

ఎగురవేయుటకు కోత ముగిసిన చేను, కరెంటు తీగలును రోడ్డును దూరముగ నున్నది, గాలి నెమ్మదిగనుండు ప్రాతఃకాలము మంచివి. 2021 నాటి డ్రోను నియమములు నమూనా విమానమును కంటికి కనబడు దూరమునందే నడపుమనుచున్నవి. తొలుత మోటారు తిప్పకయే గడ్డిపైకి మెల్లగ విసరి చూడుడు. తిన్నగా జారినచో రెండవమారు మోటారు తిప్పవచ్చును.