సరకు పేరు, సుంకం అర్థం: దిగుమతి వర్గీకరణలో ప్రమాణాల క్రమం

దిగుమతి సుంకాన్ని నిర్ణయించేది సరకు విలువ ఒక్కటే కాదు. సుంకాల పట్టికలో అది ఏ శీర్షిక కిందకు వస్తుందన్నది అంతకన్నా ముందు తేలవలసిన విషయం. ఒకే వస్తువు రెండు శీర్షికలకు ఒదిగేట్టు కనిపించినప్పుడు శాస్త్రం, నిఘంటువు, వాడుకలలో దేన్ని ప్రమాణంగా తీసుకోవాలన్నది ఇక్కడి పరిశీలనాంశం.

అమెరికా సుప్రీంకోర్టు 1893లో పరిష్కరించిన నిక్స్–హెడెన్ వ్యాజ్యం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1883 నాటి సుంకాల చట్టం కూరగాయలపై 10 శాతం సుంకం విధించి పండ్లను మినహాయించింది. వెస్టిండీస్ నుంచి న్యూయార్కు రేవుకు టమాటాలు తెప్పించిన వర్తకులు, వృక్షశాస్త్రం ప్రకారం అవి పండ్లే కనుక కట్టిన సుంకం తిరిగి ఇమ్మన్నారు. విచారణలో నిఘంటువులు చదివి వినిపించారు. న్యాయస్థానం శాస్త్రాన్ని కాదనలేదు. అయినా జనం టమాటాను భోజనంలో కూరగాయగానే వాడతారని, భోజనానంతరం పండుగా తినరని చెప్పి ఆ వాదనను తోసిపుచ్చింది. ఈ తీర్పును ‘జనవాడుకే ప్రమాణం’ అన్న సూత్రానికి కుదించి ఉటంకించడం పరిపాటి. అది సగం సత్యమే. ఆ పదాలకు చట్టంలో వివరణ గానీ, వర్తకంలో ప్రత్యేకార్థం గానీ లేనందువల్లే వాడుక అక్కరకు వచ్చింది.

నేడు ఆ ఖాళీ చాలావరకు పూడింది. మన 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టపు మొదటి షెడ్యూలు అంతర్జాతీయ హార్మోనైజ్డ్ సిస్టమ్‌ను అనుసరిస్తుంది. దాని తొలి వ్యాఖ్యాన నియమం ప్రకారం శీర్షికల పాఠం, విభాగ, అధ్యాయ వివరణలే ప్రధాన ప్రమాణం. అధ్యాయాల పేర్లు కేవలం సౌలభ్యం కోసం. మిరపకాయనే తీసుకుందాం. పచ్చిమిర్చి 7వ అధ్యాయంలో, 0709 శీర్షిక కింద, కూరగాయ. ఎండినా, పొడి కొట్టినా 0904 కింద మసాలా దినుసు. గుంటూరు రైతుకు రెండూ ఒకే చేను పంట. అయితే 7వ అధ్యాయపు వివరణ ఎండుమిర్చిని పేరుపెట్టి మినహాయించింది కనుక వాడుకను అడిగే అవసరమే రాదు.

పాఠం తేల్చనిచోట నిర్దిష్ట శీర్షికకు సాధారణ శీర్షికపై ప్రాధాన్యం. ‘ఇతరములు’ అన్న మిగులు శీర్షిక చిట్టచివరిది. డన్‌లప్ ఇండియా వ్యాజ్యంలో (1975) భారత సుప్రీంకోర్టు వి.పి. లేటెక్స్‌ను ముడి రబ్బరుగానే గుర్తించింది. పేర్కొన్న శీర్షికలో చోటున్న సరకును మిగులు శీర్షికకు నెట్టడం, కన్నవారున్న బిడ్డను అనాథాశ్రమానికి పంపడం వంటిదన్న పోలిక అక్కడిదే. దిగుమతి నాటి స్థితిని చూడాలే తప్ప తరువాతి వినియోగాన్ని కాదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది.

2011 నుంచి స్వీయ మదింపు అమలులోకి రావడంతో ఈ క్రమాన్ని మొదట పాటించవలసినవాడు దిగుమతిదారుడే. తక్కువ పడిన సుంకాన్ని 28వ సెక్షన్ కింద సాధారణంగా రెండేళ్లలోగా, ఉద్దేశపూర్వకంగా దాచినట్టు తేలితే ఐదేళ్లలోగా, అధికారులు నోటీసిచ్చి అడగవచ్చు.