పచ్చనిదెల్ల మేత కాదు

విరాటపర్వము మొదట ఒక చిన్న సంప్రదింపు కలదు. పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. ఒక యేడు ఎవరి కంటను పడకుండ గడుపవలెను. ఎచ్చట గడుపుట? అర్జునుడు పాంచాలము, చేది, సాళ్వము, అవంతి మొదలుగా పెక్కు దేశముల పేర్లు చెప్పెను. ధర్మరాజు మత్స్యదేశమును ఎన్నుకొనెను. అటుపిమ్మట ఎవరెవరు ఏయే వృత్తి పూనవలెనను ప్రస్తావము వచ్చినప్పుడు, గుఱ్ఱముల పోషణము తన వంతనెను నకులుడు. దామగ్రంథి యను పేరుతో విరాటుని అశ్వశాలలో కుదురుకొనెను.

ఈ ఘట్టమును ఎన్నియో సంవత్సరములుగా తరగతిలో చెప్పుచున్నాను. అయినను ఇందులో మొదట చోటు, తరువాత గుఱ్ఱము అను వరుస యున్నదని నాకెన్నడును తోచలేదు. తోపించినది ఒక జాబు.

నాయొద్ద చదివిన విద్యార్థి యొకడు ఇంగ్లండులో ఇంజనీరుగా స్థిరపడినాడు. వానికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకు గుఱ్ఱములనిన ప్రాణము. రెండింటిని పెంచుచున్నది. ఒకటి ఇరువది యేండ్లు దాటిన పొట్టి గుఱ్ఱము. ఆమె స్వారి నేర్చుకొన్నది దాని వీపుమీదనే. రెండవది పడుచు గోడిగ. పట్టణపు అంచున వారు అద్దెకు తీసికొన్న పచ్చికబయలును ఇండ్ల స్థలములకై అమ్మివేసిరట. “గురువుగారికి నమస్కారములు. గుఱ్ఱములతో సహా ఏదైన పల్లెకు తరలిపోవలసి వచ్చినది. రెండు చోట్లు చూచితిమి. ఒకటి పాడిపశువులకు ప్రసిద్ధి కెక్కిన లోయ. మోకాలిలోతు పచ్చిక, వాగు, పెద్ద చెట్ల నీడ. రెండవది సున్నపురాతి గుట్టల వాలు. గడ్డి పలుచన, గాలి యెక్కువ, ఇల్లు చిన్నది. మీరేమందురు?” అని వాని ప్రశ్న.

నేను రైతుబిడ్డను. పచ్చిక బాగున్నచోట పశువు బాగుండునని నా నమ్మకము. రెండవ ఆలోచన లేకుండ లోయనే ఎన్నుకొనుమని బదులు వ్రాసితిని. వాడు తెలివిగలవాడు కనుక వెంటనే కొనలేదు. వసంతకాలమున మూడునెలలకు ఆ బయలును అద్దెకు పుచ్చుకొని గుఱ్ఱములను అచ్చటికి తోలించెను.

మూడు వారములు తిరుగకముందే రెండవ జాబు వచ్చినది. ముసలి గుఱ్ఱము నిలువలేకున్నది. ముందుకాళ్లు చాచి, బరువంతయు వెనుకకాళ్లమీద మోపి, అడుగు వేయుటకు భయపడుచున్నది. వైద్యుడు గిట్టలు తాకి చూచి, ఆ పచ్చికలోనుండి తక్షణమే దానిని వెలికి తెమ్మనెను. పిల్ల రాత్రియంతయు శాలలో దానిచెంతనే కూర్చున్నదట. ఆ జాబులో నామీద నిష్ఠూరము ఒక్క మాటయు లేదు. అందుచేతనే అది నన్ను ఎక్కువగా నొప్పించినది.

ఆ వ్యాధి స్వరూపమును తరువాత తెలిసికొంటిని. గుఱ్ఱపు గిట్ట లోపల ఒక ఎముక కలదు. ఆ ఎముకను గిట్టగోడకు అంటిపట్టి యుంచునవి సన్నని పొరలు. గుఱ్ఱము శరీరభారమంతయు ఆ పొరలపట్టుననే వ్రేలాడుచుండును. పాడిపశువులకై చల్లి పెంచు రై జాతి గడ్డిలో చక్కెర యెక్కువ; ఆవులకు అది పాలగును. కొండలలో, మోటుగడ్డి నేలలలో తరతరములుగా బ్రతికిన పొట్టి జాతి గుఱ్ఱములకు మాత్రము ఆ చక్కెర వలన రక్తములో ఇన్సులిను మితిమీరి పెరుగును. పొరలు చెడి, పట్టు సడలును. ముదిరినచో లోపలి ఎముక క్రిందికి తిరిగిపోవును. వసంతమున లేతగడ్డి మొలచు వేళ ఈ ప్రమాదము హెచ్చు. మంచు పడి ఎండ కాచిన ఉదయములందును గడ్డిలో చక్కెర నిలువయుండును.

ఇది మనకు బొత్తిగా తెలియని విషయమని చెప్పలేను. వానలు లేక వాడిన జొన్నచేనిలో లేతపిలకలు మేసిన పశువు నిలువునా కూలుననుట మన పల్లెలలో పసులకాపరి సయితము ఎరుగును. నా చిన్ననాట మా ఊరి జట్కా సాహెబు తొలకరి పచ్చికను ఎండుగడ్డిలో కలిపి కొంచెము కొంచెముగా వేసెడివాడు. ఉలవగుగ్గిళ్లు కూడ కొలిచి పెట్టెడివాడు. ఆ బక్క గుఱ్ఱమునకు కడుపునిండ పెట్టడేమని నేను లోలోపల ఆతనిని తిట్టుకొంటిని. ఇప్పుడాతనికి మనసులోనే క్షమాపణ చెప్పుకొనుచున్నాను.

మా విద్యార్థి మరల వెదకనారంభించెను. ఈసారి నేను సలహా చెప్పుట మాని ప్రశ్నలు మాత్రము వ్రాసితిని. వాడు తెలిసికొని బదులు వ్రాసెను. ఆ యుత్తరములే నాకు పాఠ్యగ్రంథమైనవి.

మొదటిది నేల. దక్షిణ ఇంగ్లండులో బంకమట్టి నేలలు విస్తారముగ కలవు. వేసవిలో అవి పచ్చగా కన్నులపండువుగా నుండును. శీతకాలపు వానలలో గుఱ్ఱపుగిట్టల క్రింద అంతయు అడుసగును. నెలల తరబడి ఆ బురదలో నిలిచిన గుఱ్ఱమునకు కాళ్ల చర్మము పగిలి పుండ్లు పడును. సున్నపురాతి నేలలో నీరు ఇంకిపోవును. కాలు పొడిగా నుండును. కాని ఆ సుగుణమే ఒక దోషము. ఇంకిన నీరు పైన నిలువదు, వాగు ఉండదు. గుఱ్ఱమొకటి దినమునకు ఇరువదియైదు మొదలు ఏబది లీటర్ల వరకు నీరు త్రాగును. గొట్టముద్వారా నీరు తెచ్చుకొనవలసినదే. పైగా ఆ నేలలో చెకుముకిరాళ్లు గిట్టలకు గ్రుచ్చుకొనును. దోషములేని నేల లేదు; ఏ దోషమును మనము భరింపగలమో తెలిసికొనవలెను.

రెండవది విస్తీర్ణము. గుఱ్ఱమొక్కంటికి ఎకరము మొదలు ఎకరమున్నర వరకు పచ్చిక వలయునని అచ్చటివారి లెక్క. అందును భాగములుగా కంచెవేసి ఒకదాని తరువాత నొకటి మేపవలెను. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు; ఒంటరిగా నుంచరాదు. కనుక రెండింటికి మూడెకరములైన లేనిదే ఇల్లెంత బాగున్నను ప్రయోజనము లేదు.

మూడవది మొక్కలు. రాగ్‌వర్ట్ అను పచ్చని పూల కలుపు అచ్చట విరివిగా పెరుగును. పచ్చిగా నున్నప్పుడు అది చేదు గనుక గుఱ్ఱము సాధారణముగా ముట్టదు. ఎండి గడ్డిలో కలిసినప్పుడు చేదు తగ్గును గాని విషము తగ్గదు. కొంచెము కొంచెముగ కాలేయమును చెఱచును. దాని విషయమై 1959లో ఒక చట్టమును, 2003లో మరియొక చట్టమును చేసిరనిన దాని చేటు ఎంతటిదో ఊహింపవచ్చును. సికమోరు చెట్టు రెక్కల గింజలు శరత్తులో రాలి, వసంతమున మొలచును. ఆ గింజలు, మొలకలు తిన్న గుఱ్ఱమునకు కండరములు చెడి ప్రాణము మీదికి వచ్చును. మొదటి లోయలో మేము మెచ్చుకొన్న పెద్ద చెట్ల నీడలో సికమోరులును ఉండెనట!

ఈ సందర్భమున ఒక వింత వ్రాసెను. హాంప్‌షైరు ప్రాంతమున న్యూ ఫారెస్ట్ అను వనము కలదు. 1079లో విలియము రాజు వేటకై ఏర్పరచినది. అందు వేలకొలది పొట్టి గుఱ్ఱములు స్వేచ్ఛగ తిరుగుచుండును. చూచుటకు అడవిగుఱ్ఱములు, నిజమునకు ప్రతిదానికిని యజమాని కలడు. వనములో మేపుకొను హక్కు పూర్వమునుండి కొన్ని ఇండ్లకు, భూములకు సంక్రమించినది. శరత్తులో ఓక్ చెట్ల పచ్చికాయలు రాలును. అవి గుఱ్ఱములకు, పశువులకు విషము, పందులకు విందు. అందుచే ఆ ఋతువున పందులను వనములోనికి తోలుదురు. పందులు కాయలు తినివేయును; గుఱ్ఱములు బ్రతుకును. ఒక ప్రాణి ఆకలి మరియొక ప్రాణికి రక్షయగు ఈ ఏర్పాటు శతాబ్దములుగా సాగుచున్నది.

నాలుగవది దారి. ఇంగ్లండులో పొలములనడుమ ప్రజలు నడచు హక్కుగల బాటలు పెక్కు కలవు. కాని నడకబాటపై గుఱ్ఱము నెక్కి పోవు హక్కు లేదు. గుఱ్ఱములకు అనుమతిగల బాటలు వేరు. మొత్తము బాటలలో అవి ఐదవవంతునకు కొంచెము మించును. స్కాట్లండులో 2003 నాటి చట్టము ప్రకారము బాధ్యత నెరిగి మెలగువారు చాలవరకు బయలునేలలందు స్వారి చేయవచ్చును. ఇంగ్లండులో మాత్రము పటము చూచుకొనవలసినదే. సౌత్ డౌన్స్ అను సున్నపుగుట్టల శిఖరముమీద వించెస్టరు నుండి ఈస్ట్‌బోర్ను వరకు నూరు మైళ్ల బాట పొడవునా గుఱ్ఱపు రౌతులకు దారి కలదు. పటము మీద ఒక ఇల్లు ఆ బాటకు దగ్గరగ నుండవచ్చును; నడుమ కార్లు దూసుకొనిపోవు రోడ్డు ఉన్నచో ఆ సామీప్యము నిష్ప్రయోజనము. గుఱ్ఱమును దాటునప్పుడు గంటకు పదిమైళ్ల వేగమును మించరాదనియు, రెండు మీటర్ల ఎడమీయవలెననియు 2022లో అచ్చటి రహదారి నియమావళిలో వ్రాసిరి. వ్రాసిన నియమము వేరు, వంపు తిరుగు కారు వేరు. అందుచే వాడు ఆదివారమునాడు కాక, పనిదినమున ఉదయము ఎనిమిది గంటలకు ఆ రోడ్డు అంచున నిలిచి బండ్లను లెక్కించెను.

ఐదవది చట్టము. పొలమున గుఱ్ఱము గడ్డి మేయుట వ్యవసాయముగా పరిగణింపబడును. అచ్చటనే శాల కట్టి, వినోదమునకై పెంచి, స్వారి నేర్పుటకు స్థానికాధికారుల అనుమతి వేరుగా కావలెను. చూచిన పొలమునకు ఆ అనుమతి ఉన్నదా లేదా అని అడుగక కొన్నచో గుఱ్ఱము ఒకచోట, గడ్డి ఒకచోట కాగలవు.

ఆరవది మనుష్యులు. ఇచ్చట నాకు మార్కోపోలో జ్ఞప్తికి వచ్చెను. పదమూడవ శతాబ్దాంతమున ఆతడు మన తూర్పుతీరపు మాబారు దేశమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాజులు ఏటేట విశేషధనము వెచ్చించి గుఱ్ఱములను తెప్పింతురనియు, అవి త్వరలోనే చచ్చుననియు, లాడములు కొట్టి వైద్యము చేయువారు అచ్చట లేరనియు చెప్పెను. అట్టివారిని వర్తకులే పోనీయరట. గుఱ్ఱములు బ్రతికినచో బేరము తగ్గునుగదా! వ్యాపారము వింత సరే, ఆ మాటలోని నిజము నేటికిని చెల్లును. గుఱ్ఱమునకు ఆరు లేక ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కి లాడములు మార్చవలెను. 1975 చట్టము ననుసరించి బ్రిటనులో పేరు నమోదు కానివాడు ఆ పని చేయుట నేరము. కనుక వెళ్లబోవు ఊరికి లాడములవాడు వచ్చునా, అర్ధరాత్రి పిలిచిన వైద్యుడు ఎన్ని నిమిషములలో రాగలడు అని ముందుగ విచారింపవలెను. మా విద్యార్థి ఇల్లు చూచుటకు ముందు వారిద్దరిని చూచెను.

కడకు వారు సున్నపుగుట్టల వాలుననే చిన్న ఇంటిని తీసికొనిరి. మూడెకరముల చిల్లర నేల. గడ్డి పలుచన, అదియే ముసలి గుఱ్ఱమునకు పథ్యము. పొరుగున ఒక వృద్ధురాలు కలదు. ఆమె యౌవనమునుండి గుఱ్ఱములను పెంచినదట. వీరు సామాను దింపుచుండగానే వచ్చి, ఏ కంచెమూలన రాగ్‌వర్ట్ మొలచునో చూపి పోయినదట. ముసలి గుఱ్ఱము బ్రతికినది. ఇక స్వారికి పనికిరాదు. ఉదయమున ఆ పిల్ల గోడిగనెక్కి గుట్టపైకి పోవునప్పుడు అది కంచెవరకు మెల్లగ నడచివచ్చి, మరలి వచ్చువరకు అచ్చటనే నిలుచునని ఇటీవలి జాబు.

ఈ సంవత్సరము విరాటపర్వము చెప్పునప్పుడు ధర్మరాజు మత్స్యదేశమునే ఏల కోరెనని విద్యార్థుల నడిగితిని. ఒకడు “అచ్చట పశుసంపద యెక్కువ గనుక” అనెను. నిరుడైనచో నేనును తల యూపియుందును. గ్రంథము తెరచి చూపితిని. ధర్మరాజు చెప్పిన కారణములలో పచ్చిక లేదు, ధాన్యము లేదు. విరాటుడు ధర్మశీలి, దాత, వృద్ధుడు, తమయెడ ఆదరము కలవాడు; ఇవియే ఆయన చూచినవి. నకులుని గుఱ్ఱములకు మేత దొరకునా అను ప్రశ్నకు ముందు, వారికి నీడనిచ్చు మనిషి దొరకునా అను ప్రశ్న ఆయనకు తోచినది.

తరగతి ముగిసిన పిమ్మట ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, మీకు మొదటినుండి ఈ సంగతి తెలియునా?” అని అడిగెను. తెలియదంటిని. నాకు ఒక శిష్యుడును, వాని కూతురి ముసలి గుఱ్ఱమును నేర్పిరంటిని.