వార్తల్లో పదం: మూలంలోనే వేర్పాటు

చెత్త పుట్టినచోటే, అంటే వంటింట్లోనే, దాన్ని విడదీయడం. చెత్త నిర్వహణ ప్రణాళికను ఎన్నిసార్లు సవరించినా మొదటి మెట్టు ఇదే. 2000 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తగా మూడు భాగాలు చేయమన్నాయి. ఏడాదిలోగా విధానం రూపొందించమని రాష్ట్రాలను ఆదేశించాయి.

సూర్యాపేట పట్టణం అంతకు చాలా ముందే, 2003 ప్రాంతంలో, మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీధి చెత్తకుండీలు తీసేసింది. తడి, పొడి వేరుగా సేకరించి వర్మీ కంపోస్టు తయారుచేసింది.

వేరుగా ఉంచితేనే దేనికైనా విలువ. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక విడిగా ఉంటుంది కాబట్టే బాయిలర్‌కు ఇంధనమవుతోంది. కోదాడ ఇంట్లో పాల ప్యాకెట్టూ అంతే: కడిగి ఆరబెడితే సరుకు, సాంబారు మెతుకులంటితే డంపింగ్ యార్డుకే.