ఎర్రర్ 2 అంటే ఏం చెప్పినట్టు?

దుమ్ముగూడెం దాటి చర్ల రోడ్డెక్కాక ఫోనులో సిగ్నల్ ఒక్క గీత కనిపించినా అదృష్టమే. మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. పండక్కని వెళ్ళినా ఉద్యోగం నా వెంటే వస్తుంది. నేను బిల్డ్ ఇంజనీర్ని. అదేం పనో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే "కంప్యూటర్ పనే" అని తేల్చేస్తారు.

ప్రోగ్రామర్లు వందల ఫైళ్ళలో కోడ్ రాస్తారు. ఆ ఫైళ్ళన్నిటినీ కలిపి, నడిచే యాప్‌గా తయారుచేసేది బిల్డ్ టూల్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్' ఇప్పటికీ ఆ పని చేస్తూనే ఉంది. దాని తర్వాత మావెన్, గ్రేడిల్, ఎంఎస్‌బిల్డ్ వచ్చాయి. టీమ్‌లో ఎవరు ఏ మార్పు పంపినా వెంటనే దాన్ని అందుకుని, బిల్డ్ చేసి, పరీక్షలు నడిపి, బాగుంటే పచ్చరంగు, లేకపోతే ఎర్రరంగు చూపించేది సీఐ సర్వర్. కంటిన్యువస్ ఇంటిగ్రేషన్‌కి పొట్టిపేరు అది. జపాన్ ఇంజనీరు కోసుకే కవగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా మొదలుపెట్టిన హడ్సన్, 2011లో జెంకిన్స్‌గా పేరు మార్చుకుంది. మా ఆఫీసులో వాడేది అదే.

ఎరుపు వచ్చిందంటే నాకు ఫోన్ వస్తుంది.

"అక్కా, బిల్డ్ పోయింది."

"ఎర్రర్ ఏంటి?"

"ఎర్రర్ 2 అంట అక్కా."

"ఏ ఫైల్లో?"

"అది రాయలేదు."

పాపం, ఆ కుర్రాడు చదివింది లాగ్‌లో, అంటే బిల్డ్ నడుస్తూ రాసుకునే చిట్టాలో, చిట్టచివరి లైను. తను నడిపిన కమాండ్ 2 అనే ముగింపు నంబరు ఇచ్చి ఆగిపోయిందని మేక్ చెబుతోంది. ఎందుకు ఆగిందో పైన ఎక్కడో, వేల లైన్ల మధ్య ఉంది. ఆ లాగ్ మొత్తం ఒక్క గీత సిగ్నల్ మీద దిగాలంటే అన్నం తిని వచ్చినా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సీఐ సర్వర్ ముందు మనిషి ఎవరూ కూర్చోరు. లాగ్‌ని మొదట చదివేది ఇంకో ప్రోగ్రామ్. దానికి భావం తెలియదు, ఆకారమే తెలుసు. గ్నూ పద్ధతిలో ఫైలు పేరు, కోలన్, లైను నంబరు, కోలన్, కాలమ్ నంబరు, కోలన్, ఆ తర్వాత విషయం వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎంఎస్‌బిల్డ్ పద్ధతిలో లైను, కాలమ్ నంబర్లు బ్రాకెట్లలో ఉంటాయి, వెనకాల ఎర్రర్ అన్న మాటా ఒక కోడ్ నంబరూ ఉంటాయి. గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐ సేవకి రెండు కోలన్లతో మొదలయ్యే లైను కావాలి. టీమ్‌సిటీ అనే ఇంకో సీఐ సర్వర్‌కి రెండు హ్యాష్ గుర్తులు, దాని పేరు, చదరపు బ్రాకెట్లు కావాలి. ఆకారం కుదిరితే సర్వర్ ఆ లైనుని పట్టుకుని, తప్పున్న కోడ్ పక్కనే అతికిస్తుంది, నా ఫోనుకి ఆ ఒక్క ముక్కే పంపిస్తుంది. ఒక్క ముక్కకైతే ఒక్క గీత చాలు.

మా వైపు వాళ్ళకి ఇలా ఒక్క ముక్కతో విషయం తెలుసుకోవడం కొత్తేం కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎక్కడ, ఎంత, ఎన్నో హెచ్చరిక అన్న మూడు ముక్కలు వింటే చాలు, సామాను సర్దుకోవాలో వద్దో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది. 2022 జూలైలో నీళ్ళు 71 అడుగులు దాటినప్పుడూ జనం అడిగింది ఆ అంకెనే. సాఫ్ట్‌వేర్‌లోనూ నోట్, వార్నింగ్, ఎర్రర్ అని మూడు మెట్లున్నాయి. కాకపోతే వార్నింగుల్ని వందల్లో కురిపించి, ఎవరూ వాటివైపు చూడని స్థితికి తెచ్చుకున్నాం. రోజూ రెండో హెచ్చరిక ఎగరేస్తే వరదనాడు ఎవరు కదులుతారు?

ఆకారం చెడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ప్రోగ్రామర్ తెర మీద ఎర్రర్ ఎర్రగా కనిపించాలని టూల్ రంగు సంకేతాలు కలుపుతుంది. సర్వర్ లాగ్‌లో అవే 'ఎర్రర్' అన్న మాటకి రెండు పక్కలా పిచ్చి అక్షరాలుగా అతుక్కుంటాయి. వెతికే ప్రోగ్రామ్ ఆ లైనుని గుర్తుపట్టదు. పొడుగు లైనుని అందంగా రెండుగా విరిచినా అంతే. ఒకేసారి ఎనిమిది పనులు నడిపితే ఎనిమిది గొంతులూ కలిసిపోయి, ఒక ఎర్రర్ సగంలో ఇంకోటి దూరుతుంది. ఈ రొద భరించలేకే 2013లో వచ్చిన మేక్ 4.0లో ఒక్కో పని మాటల్ని విడివిడిగా అచ్చువేసే సదుపాయం పెట్టారు. దాన్ని వాడేవాళ్ళే తక్కువ.

మన లిపికి ఇంకో చిక్కుంది. కోడ్‌లో 'శ్రీ' అని రాస్తే కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అవి నాలుగు గుర్తులు, యూటీఎఫ్-8లో దాచితే 12 బైట్లు. అదే లైనులో దాని తర్వాత తప్పుంటే ఒక టూల్ బైట్లు లెక్కపెడుతుంది, ఇంకోటి గుర్తులు లెక్కపెడుతుంది. చూపించే బాణం ఎక్కడికో పోతుంది. కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ ఒకప్పుడు బైట్లే లెక్కపెట్టేది. 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి తెర మీద పట్టే వెడల్పు చూస్తోంది. తెలుగున్న ఫైళ్ళలో నేను లైను నంబరునే నమ్ముతాను, కాలమ్ నంబరుని నమ్మను.

ఇన్ని రకాల ఆకారాలెందుకు, అందరూ ఒకటే వాడొచ్చు కదా అంటారా? ఆ ప్రయత్నమూ జరిగింది. కోడ్‌ని తనిఖీ చేసే టూల్స్ కోసం సారిఫ్ అనే ఉమ్మడి పద్ధతిని 2020లో ఓయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. అది మంచిదే గానీ ఆ ఫైలు మనిషి చదివేట్టుండదు. నా ఓటు ఇప్పటికీ పాత గ్నూ లైనుకే. యంత్రానికీ అర్థమవుతుంది, మా కుర్రాడికీ అర్థమవుతుంది.

2020 డిసెంబరులో ఖమ్మంలో ఐటీ హబ్ తెరిచారు. ఇలాంటి పని నేర్చుకుని మా వైపే ఉండిపోదామనుకునే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఖమ్మం, పాల్వంచ, కొత్తగూడెం కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మీ స్క్రిప్టులో తప్పు దొరికిన చోట ఫైలు పేరు, లైను నంబరు, విషయం ఒకే లైనులో అచ్చువేయండి. సర్వర్ మీద నడిచేటప్పుడు రంగులు తీసేయండి. మరీ ముఖ్యంగా, తప్పు దొరికాక స్క్రిప్టుని సున్నాతో ముగించొద్దు. సర్వర్ లెక్కలో సున్నా అంటే అంతా బాగున్నట్టే. మీరు ఎర్రర్ అని ఎన్నిసార్లు అచ్చువేసినా అది పచ్చరంగే చూపిస్తుంది.